టామ్ రాబిన్సన్ ఎడమ చెయ్యి, ఆదోని పత్తి

ఆదోని యార్డులో కొన్న పత్తి ఏ జిన్నింగ్ మిల్లుకు పోయినా అక్కడ జరిగే పని ఒకటే. గింజ ఒక పక్కకు, దూది ఒక పక్కకు. క్వింటాలు పత్తి ఆడితే రమారమి 33 నుంచి 35 కిలోల దూది దిగుతుంది, మిగతాది దాదాపు గింజే. 170 కిలోల దూదిని అదిమి కడితే ఒక బేలు. మన మిల్లుల్లో ఎక్కువగా ఉండేవి డబుల్ రోలర్ జిన్నులు. తోలు రోలర్లు దూదిని పట్టి లాగుతుంటే ఇనుప పట్టీ గింజను కొట్టి కిందికి రాలుస్తుంది. అమెరికాలో పెరిగింది రంపపు జిన్ను. గుండ్రటి బిళ్లల పళ్లు ఇనుప కడ్డీల సందుల్లోంచి దూదిని లాక్కుపోతాయి, సందు పట్టని గింజ ఇవతలే మిగులుతుంది. మనిషి చెయ్యి చిక్కితే ఆ పళ్లకు దూదికీ కండకూ తేడా ఉండదు.

‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో, తెల్ల అమ్మాయిని చెరిచాడన్న అబద్ధపు కేసులో ఇరుక్కున్న నల్లజాతి కూలీ టామ్ రాబిన్సన్ ఎడమ చెయ్యి చిన్నప్పుడు పడింది పత్తి జిన్నులోనే. కండలు ఎముకల నుంచి ఊడిపోయాయి. ఆ చెయ్యి కుడిచేతి కంటే అడుగు పొట్టి. కోర్టులో ప్రమాణం చెయ్యడానికి బైబిలు మీద ఆనిస్తే నిలవదు, జారి పడిపోతుంది. హార్పర్ లీ 1960లో అచ్చువేయించిన ఈ పుస్తకానికి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది, 1962లో సినిమా వచ్చింది. అప్పటినుంచీ ఎవరు మాట్లాడినా టామ్ తరఫు తెల్ల లాయరు ఆటికస్ ఫించ్ గొప్పతనమే మాట్లాడుతున్నారు. పత్తి పండే నేలలో ఉన్న మనకు ముందు కనపడాల్సింది ఆ ఎడమ చెయ్యి. ఆ చేతిని పట్టుకుని చదివితే ఈ నవల ఎక్కడో అలబామాలో ఆగిపోదు.

ముందు పత్తి సంగతి. ఎలై విట్నీ 1793లో జిన్ను కనిపెట్టాక అమెరికా దక్షిణాదిలో పత్తి సాగు విరగబడి పెరిగింది. దాని వెంటే బానిసల సంఖ్యా పెరిగింది. 1790 జనాభా లెక్కల్లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి 40 లక్షలకు దగ్గరయ్యారు. గింజ తీసే పని యంత్రానికి పోయింది గానీ విత్తడం, తవ్వడం, కాయ విడిపించడం చేతుల మీదే మిగిలింది, అందుకే ఇంకా ఇంకా మనుషులు కావలసివచ్చారు. 1861 నుంచి 1865 దాకా అక్కడ అంతర్యుద్ధం జరిగి ఎగుమతి ఆగిపోతే ఇంగ్లండు మిల్లులు మన వైపు తిరిగాయి. నంద్యాల వైపు పత్తిని వ్యాపారులు ‘నార్తరన్స్’ అనేవారు, బళ్లారి వైపుదాన్ని ‘వెస్టరన్స్’ అనేవారు. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది, కర్నూలులో కలిసింది 1953 అక్టోబరు 1న. అలబామాలో నల్లజాతి కూలీ చేతి మీద నడిచిన బజారే మన నల్లరేగడికీ ధర కట్టింది.

ఇప్పుడు ఆ చేతులు ఎవరివో కూడా చెప్పుకోవాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, పోయే కుటుంబాలు పత్తి విడిపించడానికీ మిరపకాయలు కొయ్యడానికీ గుంటూరు వైపు వెళతాయి. పిల్లలూ వెంట పోతారు, బళ్లలో హాజరు పడిపోతుంది. ఇటు నంద్యాల చుట్టుపక్కల హైబ్రిడ్ విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పని ఉంటుంది. మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గలో మగ భాగాన్ని మధ్యాహ్నం పూట గోటితో గిల్లి తీసేయాలి, తెల్లారి పొద్దెక్కకముందే మగపువ్వు తెచ్చి ఒక్కొక్కదానికీ రుద్దాలి. గిల్లేటప్పుడు లోపలి కీలం తెగితే కాయ పట్టదు, మగ భాగం కొంచెం మిగిలినా విత్తనం కల్తీ అవుతుంది. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, పత్తి మొక్కంత ఎత్తే ఉంటారు అని చెప్పి వాళ్లను ఈ పనిలో పెట్టడం ఏళ్లుగా నడిచింది. ఆ పిల్లలు ఎక్కువగా ఏ వాడల నుంచి వస్తారో చెప్పనక్కర్లేదు. టామ్‌కు జిన్ను దగ్గర చెయ్యి పోయిందీ చిన్నతనంలోనే అని మళ్లీ గుర్తుచేసుకోండి.

ఇక చదవడం ఎట్లా అన్నది. కర్నూలు, అనంతపురం కాలేజీల్లో పిల్లలతో చదివించాలనుకునే లెక్చరర్లు, ఊర్లో చిన్న లైబ్రరీ నడుపుకునే యువకులు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి నాలుగో వారానికి వదిలేస్తుంటారు. దానికి కారణం ఉంది. నవలలో 31 అధ్యాయాలు. మొదటి 11 అధ్యాయాలు పిల్లల ఆటలు, పక్కింటి మనిషి భయం, వంశవృక్షం. టామ్ కేసు కోర్టుకెక్కేది 17వ అధ్యాయంలో. అక్కడిదాకా ఓపిక పట్టమంటే, టెక్స్ట్‌బుక్ ఇంగ్లిషు అలవాటైనవాళ్లకు ఆ దక్షిణాది యాస మధ్యలోనే అడ్డుకుంటుంది. అందుకని ఎనిమిది, పది మందితో ఐదు సార్లు, సారికి రెండు గంటలు కూర్చునేటట్టు పెట్టుకుని, మొదటిసారి 12వ అధ్యాయం చదవండి. రెండోసారి 3, 23 కలిపి. మూడోసారి కోర్టు, 17 నుంచి 21 దాకా. నాలుగోసారి 24, 26. చివరిసారి 27. మొదటి 11 అధ్యాయాలు ఆ తర్వాత ఎవరికి వాళ్లు చదువుకుంటారు, అప్పటికి రుచి తెలిసి ఉంటుంది కాబట్టి. యాస పలికే చోట గట్టిగా చదివి, అదే మాట మన సీమ మాటలో ఎట్లా అంటామో ఒకరితో చెప్పించండి. ‘పోతాండాడు’, ‘చేసినారు’ అనే పిల్లలకు పుస్తకపు భాషకూ ఇంటి భాషకూ ఉన్న దూరం వేరే వివరించనక్కర్లేదు.

నల్లవాళ్లను తిట్టే ఒక మాట నవలలో పదేపదే వస్తుంది. చదివేటప్పుడు అచ్చులో ఉన్నట్టే చదవండి, మాట్లాడుకునేటప్పుడు మాత్రం వాడకండి. తెలుగు పత్రికలు చాలాకాలం ‘నీగ్రో’ అని రాశాయి, ఇప్పుడు ‘నల్లజాతి’ అంటే చాలు. ఇదే జాగ్రత్త మన కులం పేర్లకూ ఉండాలి. కులం పేరును తిట్టుగా, సామెతగా, ఎకసెక్కంగా వాడే అలవాటు ఈ చర్చల్లోనే బయటపడుతుంది. అప్పుడే ఆపి ఆ మాట ఎక్కడ నేర్చుకున్నామో అడగాలి.

12వ అధ్యాయంలో ఆటికస్ ఇంటి నల్లజాతి వంటమనిషి కల్పూర్నియా అతని పిల్లలు ఇద్దరినీ, తెల్లపిల్లలను, తమ చర్చికి తీసుకుపోతుంది. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు తమ మొదటి సంపాదనతో కొన్న చర్చి అది. పాటల పుస్తకాలు లేవు, చదవడం వచ్చినవాళ్లు నలుగురే. ఒకడు ఒక పంక్తి చెప్తే అందరూ ఆ పంక్తి అందుకుంటారు. భజన గుడి తెలిసిన మనకు ఇది కొత్తేమీ కాదు. బ్రహ్మంగారి తత్వాలు ఈ నేల మీద అట్లాగే నోటినోటికీ పాకాయి. ఆ సంప్రదాయంలో ముస్లిం ఇంట పుట్టిన సిద్దయ్య ముఖ్య శిష్యుడు, మాదిగ కక్కయ్య ఇంకో శిష్యుడు అన్నది కూడా ఇక్కడే గుర్తు చెయ్యవచ్చు. గుత్తి, జమ్మలమడుగుల్లో లండన్ మిషన్, కర్నూలులో బాప్టిస్టు మిషన్ పెట్టిన బళ్లు, చర్చిలు మాల, మాదిగ గేరుల్లో మొదటి అక్షరాలు నేర్పిన చరిత్ర మనది.

ఇక్కడే మన సంగతి వేరుగా నడిచే చోటు ఒకటుంది. నవల జరిగే ఊరు మేకోంబ్‌లో నల్లమనిషి చర్చికి పోయినా పోకపోయినా నల్లమనిషే. మన దగ్గర 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు, 1956 నుంచి సిక్కు, 1990 నుంచి బౌద్ధుడు అయితేనే షెడ్యూల్డ్ కులం కింద లెక్క. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ–సీ. మతం మారినవాళ్లు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. ఊరు మాత్రం వాళ్లను పాత పేరుతోనే పిలుస్తుంది, పాత గేరిలోనే ఉంచుతుంది. తిట్టు తగిలే చోట కులం ఉంటుంది, కేసు పెట్టే చోట ఉండదు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అదే అధ్యాయంలో లూలా అనే ఆవిడ తెల్లపిల్లలను మా చర్చికి ఎందుకు తెచ్చావని గొడవపడుతుంది. చూశారా, అటువైపూ వివక్షే అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే. లూలా కోపం వల్ల ఆ పిల్లలకు ఏం పోయింది? కాసేపు ఇబ్బంది. ఒక తెల్ల ఆడపిల్ల అబద్ధం వల్ల టామ్‌కు ఏం పోయింది? ప్రాణం. కోపం ఇద్దరికీ ఉండవచ్చు, కోర్టూ తుపాకీ ఒకరి చేతిలోనే ఉన్నాయి.

మూడో అధ్యాయంలో వాల్టర్ కనింగ్‌హామ్ అనే పేద రైతు కొడుకు భోజనానికి వచ్చి పళ్లెం నిండా పాకం పోసుకుంటే ఆటికస్ చిన్నకూతురు స్కౌట్ ఎగతాళి చేస్తుంది, కల్పూర్నియా ఆ పిల్లను వంటింట్లోకి పిలిచి చీవాట్లు పెడుతుంది. 23వ అధ్యాయంలో అదే వాల్టర్‌తో ఆడుకోకూడదని మేనత్త అంటుంది, వాళ్లు ‘చెత్త’ అట. స్కౌట్ అన్న జెమ్ లోకంలో నాలుగు రకాల మనుషులున్నారని లెక్క కడతాడు. మనలాంటివాళ్లు, అడవి పక్క కనింగ్‌హామ్‌లు, చెత్తకుప్ప పక్క యూయెల్‌లు, చివర నల్లవాళ్లు. ఒక్కో మెట్టు కింది మెట్టును ఎట్లా చూస్తుందో వరుసగా రాసుకోండి. అంబేద్కర్ దీన్నే మెట్లమెట్ల అసమానత అన్నాడు. పై మెట్టు తొక్కినా నోరు మూసుకునేవాడు, కింద ఇంకో మెట్టు ఉందనే ధైర్యంతో బతుకుతాడు. ఈ పోలికను అంబేద్కర్ తానే పట్టించుకున్నాడు. అమెరికా నల్లజాతివారు ఐక్యరాజ్య సమితికి పెట్టుకుంటున్న అర్జీ గురించి అడుగుతూ 1946లో అక్కడి నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు.

టామ్ మీద అబద్ధం చెప్పిన మయెల్లా తండ్రి బాబ్ యూయెల్ ఇల్లు ఊరి చెత్తకుప్ప వెనక, పాత నల్లవాళ్ల గుడిసె. పని చెయ్యడు, పిల్లలు బడికి పోరు. చర్మం తెలుపు అన్నది తప్ప ఆ మనిషికి ఇంకే ఆస్తీ లేదు, దానికోసమే ఇంకొకడి ప్రాణం తీస్తాడు. మన ఊర్లలో ఎకరం పొలం కూడా లేకపోయినా పెద్దకులమన్న పేరొక్కటే మిగిలినవాళ్లు దళితుడి కొత్త బండిని చూసి ఎందుకు మండిపడతారో అర్థం చేసుకోవడానికి ఈ పాత్ర పనికొస్తుంది. ఒక తేడా మాత్రం మరవకూడదు. అక్కడ రంగు దూరం నుంచే కనపడుతుంది. ఇక్కడ కులం కంటికి కనపడదు కాబట్టి అడిగి తెలుసుకుంటారు. ‘మీరేమోళ్లు?’ అనో, ‘మీ ఊర్లో ఇల్లు యాడ?’ అనో. అనంతపురంలో అద్దె ఇంటికి పోయినవాళ్లకు ఈ రెండో ప్రశ్న బాగా తెలుసు. వీధి పేరు చెప్పగానే ఇల్లు ఖాళీగా లేకుండా పోతుంది. రంగు గోల మనకూ తక్కువేం లేదు. ‘నల్లగున్నా ముఖంలో కళుంది’ అనే మాటలో ఆ ‘ఉన్నా’ దగ్గర ఆగి చూడాలి.

కోర్టు అధ్యాయాలను చదవడమే కాదు, చేసి చూడాలి. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టండి. మయెల్లా యూయెల్ కుడి కన్ను వాచింది, ముఖం కుడివైపు దెబ్బలు. ఎదురుగా ఉన్నవాడు కుడిచేత్తో కొడితే ఏ చెంప మీద పడుతుంది? ఎడమ చెంప మీద. కుడి చెంప మీద పడాలంటే ఎడమచేత్తో కొట్టాలి. ఇక్కడ సగం మంది తడబడతారు, సాక్షి కుడి, చూసేవాడి కుడి కలిసిపోతాయి కాబట్టి. నవలలో షెరిఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, కూడా సరిగ్గా అట్లాగే తడబడి, ముందు ఎడమ కన్ను అని తర్వాత దిద్దుకుంటాడు. ఆటికస్ యూయెల్ చేత కవరు మీద సంతకం పెట్టిస్తాడు, అతను ఎడమచేత్తో రాస్తాడు. మెడ చుట్టూ వేళ్ల గుర్తులున్నాయి, అంటే రెండు చేతులు కావాలి. ఇప్పుడు టామ్‌గా నిలబడినవాడి ఎడమ చేతిని తువ్వాలతో నడుముకు కట్టి, ఈ పనులన్నీ చేసి చూపించమనండి. పది నిమిషాల్లో కేసు తేలిపోతుంది. డాక్టరును ఎవరూ పిలవలేదన్నది కూడా రాసుకోండి. మన చట్టంలోనైతే ఇలాంటి ఫిర్యాదు అందిన 24 గంటల్లోగా బాధితురాలిని వైద్య పరీక్షకు పంపాలి.

రుజువు ఇంత స్పష్టంగా ఉన్నా పన్నెండుగురు తెల్ల మగవాళ్లు గంటల తరబడి కూర్చుని దోషి అన్నారు. ఎందుకన్నారో 19వ అధ్యాయంలో ఉంది. ఆ పిల్లకు ఊరకనే పనులెందుకు చేసిపెట్టావని ప్రాసిక్యూటరు అడిగితే, ఆమెను చూస్తే జాలేసింది అంటాడు టామ్. ఆ ఒక్క మాటతో కేసు పోయింది. నల్లవాడు తెల్లదాని మీద జాలిపడటమా? దొంగతనమైనా క్షమిస్తారు గానీ పై మెట్టు వైపు జాలిగా చూసిన చూపును క్షమించరు. ఇది మనకు కొత్త కాదు. మన దగ్గర ఏ పనులు ఇట్లా నేరాలవుతాయో తెలియాలంటే 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమలులోకి తెచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ చదవాలి. సైకిలు, మోటారు సైకిలు ఎక్కనివ్వకపోవడం, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోనివ్వకపోవడం, పెండ్లి మెరవణి ఆపడం, మీసం గొరిగించడం, చెప్పుల దండ వెయ్యడం, ఒక్కొక్కటీ పేరుపెట్టి నేరంగా రాసిపెట్టారు. ఎక్కడో జరగకుండా ఏ చట్టంలోనూ చెప్పుల మాట ఎక్కదు.

నవల వెనక నిజమైన కోర్టు గదులున్నాయి. 1931లో అదే అలబామాలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద, రైల్లో ఇద్దరు తెల్ల అమ్మాయిలను చెరిచారని స్కాట్స్‌బరో కేసు పెట్టారు. ఆ కేసు నుంచే అమెరికా సుప్రీంకోర్టు 1932లో ఉరిశిక్ష పడే కేసుల్లో సరైన లాయరు ఉండి తీరాలనీ, 1935లో జ్యూరీ జాబితా నుంచి నల్లవాళ్లను తీసేయకూడదనీ చెప్పింది. తొమ్మిది మందిలో చివరి ముగ్గురికి క్షమాభిక్ష దొరికింది 2013లో. అప్పటికి వాళ్లలో ఎవరూ బతికి లేరు.

మనకు జ్యూరీ లేదు, తీర్పు జడ్జీ రాస్తాడు, అందుకని మన దగ్గర అట్లా జరగదు అని క్లాసులో ఎవరైనా అంటే అక్కడే ఎక్కువ సేపు నిలబడాలి. మేకోంబ్‌లో పక్షపాతం జ్యూరీ బెంచీ మీద కూర్చుంది. మన దగ్గర అది పోలీసు స్టేషను గడపకూ రచ్చబండకూ మధ్య తిరుగుతుంది. కేసు కోర్టు దాకా పోకముందే ‘ఊర్లో ఉండాల్సినోళ్లు’ అంటూ పెద్దమనుషులు రాజీ కుదురుస్తారు. లేదా అర్జీని ఎఫ్ఐఆర్ చెయ్యకుండా విచారణ అని పక్కన పెడతారు, ఈలోగా ఎదుటివాళ్లు కౌంటరు కేసు పెడతారు.

చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న దళితులను చంపారు. విచారణకు ఆ ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చంపారన్నది ప్రాసిక్యూషన్ నిరూపించలేదన్నది అందులో ముఖ్య కారణం. మొదటి రోజు కాగితంలో టైము, స్థలం, పేర్లు సరిగ్గా లేకపోతే ఇరవైమూడేళ్ల తర్వాతైనా లాయర్లు దాన్నే పట్టుకుంటారు.

కాబట్టి ఫిర్యాదు రాసే పద్ధతి నేర్పడం ఈ చదువులో భాగమే. తేదీ, గంట, స్థలం రాయాలి. ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటనే రాయాలి, ‘కులం పేరుతో దూషించారు’ అని ఊరుకుంటే చాలదు. అక్కడ ఇంకెవరెవరున్నారో తప్పనిసరి. కులదూషణకు సంబంధించిన రెండు క్లాజుల్లోనూ జనం చూసే చోట అన్న షరతు ఉంది, నాలుగు గోడల మధ్య ఎవరూ లేనప్పుడు అన్న మాటకు ఆ క్లాజులు వర్తించవని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. చాలా కేసులు కొట్టేసేది ఇక్కడే. ఎదుటి మనిషిది ఏ కులమో, బాధితుడిది ఏ కులమో వాళ్లకు ముందే తెలుసన్నది ఒక వాక్యంలో రాయాలి. కులధ్రువీకరణ పత్రం జత చెయ్యాలి. నోటితో చెప్పినా రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలని చట్టం నాలుగో సెక్షన్ అంటుంది. చదవడం రానివాళ్లు ఈ హక్కును గట్టిగా అడగాలి, ఎందుకంటే రాసింది ఒకటి, చెప్పింది ఒకటి అవ్వడం మామూలే. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. హద్దు మాది కాదని ఏ స్టేషనూ వెనక్కి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. పోస్టు రసీదు దాచుకోవాలి.

ఈ కేసుల్లో దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి. ఎస్ఐ ఒక్కడే దర్యాప్తు ముగిస్తే కోర్టులో అదే లోపంగా పట్టుకుంటారు. చార్జిషీటుకు గడువు 60 రోజులు. ముందస్తు బెయిలును 18వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ముందు విచారణ చేసి తర్వాత కేసు పెట్టమని చెప్పినప్పుడు ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ఆ ఏడే పార్లమెంటు 18ఏ చేర్చి ఆ విచారణ అక్కర్లేదని చెప్పింది. సహాయం సొమ్ము విడతలుగా వస్తుంది, చాలా నేరాలకు కొంత ఎఫ్ఐఆర్ దగ్గర, కొంత చార్జిషీటు దగ్గర, మిగతాది శిక్ష పడ్డాక. హత్య అయితే 2016 నిబంధనల ప్రకారం 8 లక్షల 25 వేలు, సగం పోస్టుమార్టం అయ్యాక, సగం చార్జిషీటు కోర్టుకు చేరాక. మొదటి విడత రాకపోతే కలెక్టరు కార్యాలయంలో జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీకి రాతపూర్వకంగా అడగాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు, నంబరు 15100. అత్యాచారాల హెల్ప్‌లైన్ 14566. ప్రతి నెలా 30న ఊర్లలో జరపాల్సిన పౌరహక్కుల దినానికి తహసీల్దారు, ఎస్ఐ వచ్చారా లేదా అని చూసి, రాకపోతే రాసి అడగడం కూడా ఒక పనే.

ఆటికస్ గురించి ఒక మాట చెప్పకపోతే పక్షపాతమవుతుంది. అతను మంచి లాయరు, నిజాయితీపరుడు. అయితే నవల అతని కూతురి కళ్లతో నడుస్తుంది కాబట్టి టామ్ ఇంట్లోకి మనం పోయేది అతని చావు కబురు మోసుకుపోయినప్పుడే. 17 తూటాలు దిగాయి. రెండు చేతులూ బాగుంటే జైలు కంచె దాటేసేవాడని కాపలావాళ్లే అంటారు. చిన్నప్పుడు జిన్నులో పడ్డ చెయ్యి అక్కడ దాకా వచ్చింది. కబురు విన్న భార్య హెలెన్ నోట మాట రాకుండా కూలిపోతుంది. ఆమె ఏమనుకుందో నవల చెప్పదు. ఈ లోటు పూడ్చుకోవడానికి మన దగ్గర దళితులే రాసుకున్న సాహిత్యం ఉంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన కొలకలూరి ఇనాక్ కథ ‘ఊరబావి’ని నాలుగోసారి కూర్చున్నప్పుడు పక్కన పెట్టుకుని చదవండి. లాయరు రాకముందే వాడ తన పని తాను ఎట్లా చేసుకుంటుందో కనపడుతుంది.

అదే రోజు చదివే 26వ అధ్యాయంలో టీచరు గేట్స్ హిట్లరు యూదులను హింసిస్తున్నాడని పిల్లల ముందు బాధపడుతుంది. అదే నోటితో కోర్టు మెట్ల మీద నల్లవాళ్లకు బుద్ధి చెప్పాల్సిందే అంది. దూరపు అన్యాయానికి ఏడవడం సులభం. 2020లో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోతే మనవాళ్లూ స్టేటస్‌లు పెట్టారు. అదే ఏడు కాలిఫోర్నియాలో సిస్కో కంపెనీ మీద దళిత ఉద్యోగిని కులంతో వేధించారని ప్రభుత్వమే కేసు వేసింది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో పిల్లలున్న కడప, కర్నూలు ఇళ్లలో ఈ కులం కబుర్లు ఎంతమంది మాట్లాడుకున్నారో ఎవరికి వాళ్లు అడిగి చూసుకోవచ్చు.

చివరిసారికి 27వ అధ్యాయం చాలు. టామ్ జైలుకు పోయినప్పటి నుంచీ హెలెన్‌కు ఊర్లో పని దొరకడం కష్టమే. టామ్ పోయాక లింక్ డీస్ అనే ఒక్క యజమాని మాత్రం పిలిచి ఇస్తాడు. దాన్ని మంచితనం అని పొగిడి వదలొద్దు. మిగతా ఊరు చేసింది వెలి. మన చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విడిగా నేరం. ఎవరి చేలో పని ఆగింది, ఏ తేదీ నుంచి, ఏ అంగడిలో సరుకు ఇవ్వలేదు, ఏ చక్కీలో పిండి ఆడలేదు, ఆ రోజుకారోజు రాసి పెట్టుకుంటేనే అది నిలుస్తుంది. హెలెన్ పనికి పోవాలంటే యూయెల్ ఇంటి ముందు నుంచి పోవాలి. వాళ్లు ఆమె మీద ఏవేవో విసిరారు కాబట్టి ఆమె దాదాపు మైలు చుట్టూ తిరిగి నడుస్తుంది. ఈ సంగతి యజమాని అడిగేదాకా ఎవరితోనూ చెప్పలేదు.

ఆ రోజు అందరికీ ఒక్కో పెద్ద కాగితం ఇచ్చి వాళ్ల ఊరి పటం గీయించండి. గుడి, బడి, చౌకడిపో, బోరింగు, శ్మశానం, బస్సు ఆగే చోటు, వాడలు. తర్వాత మాల, మాదిగ గేరుల నుంచి బడికీ శ్మశానానికీ దగ్గరి దారి నల్ల ఇంకుతో, జనం నిజంగా నడిచే దారి ఎర్ర ఇంకుతో గీయాలి. రెండు గీతలు ఏ ఇంటి దగ్గర విడిపోతున్నాయో అక్కడ ఒక గుర్తు పెట్టి, కింద కారణం రాయాలి.